పటం మీద మునసబు గారి మిల్లు

మా ముత్తాత గ్రామ మునసబు. కూచిపూడి దాటి చల్లపల్లి వైపు పోయే రోడ్డు మీద ఉన్న మా ఊళ్ళో శిస్తు దగ్గర్నుంచి గట్టు తగాదా దాకా ఆయన మాటే చివరి మాట. మా తాత ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మొదటి బియ్యం మిల్లు పెట్టినవాడు. కోతల కాలంలో వడ్ల బండ్లు మిల్లు గేటు నుంచి కాలువ వంతెన దాకా బారులు తీరేవనీ, వంతు వచ్చేదాకా బండివాళ్ళు అక్కడే పొయ్యి పెట్టుకుని వండుకు తినేవాళ్ళనీ చెప్పేవారు. మా నాన్న దగ్గరికి పంచాయతీ ఎన్నికల్లో నిలబడ్డ ఇద్దరూ వచ్చేవాళ్ళు. ఆయన ఇద్దరికీ కాఫీ ఇప్పించి, ఎవరికీ ఏ మాటా ఇవ్వకుండా పంపేవాడు. నేను విజయవాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ లెక్చరర్ని.

ఈ వరసలో చివరి వాక్యం పొట్టిగా ఉందని నాకు తెలుసు. అయినా నా ఉద్యోగాన్ని నేనెప్పుడూ చిన్నచూపు చూడలేదు. ఇస్త్రీ చేసిన ఫుల్‌హ్యాండ్స్ చొక్కా లేకుండా క్లాసులో అడుగు పెట్టలేదు. నేను గుమ్మంలోకి రాగానే పిల్లలు లేచి నిలబడేవాళ్ళు. కూర్చోమని నేను చెప్పేదాకా కూర్చునేవాళ్ళు కాదు. ఇరవై ఏళ్ళకు పైగా మూడో సంవత్సరం పిల్లలకు షేర్ మార్కెట్ పేపరు నాదే. ఆ పేపరు ఇంకెవరికైనా ఇవ్వవచ్చన్న ఆలోచన కూడా కాలేజీలో ఎవరికీ రాలేదు, ఆవిడ వచ్చేదాకా.

ఆవిడ మా డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన లెక్చరర్, వయసులో నాకంటే చాలా చిన్నది. పెడన నుంచి వచ్చిన నేతపని వాళ్ళ కుటుంబం. వాళ్ళ నాన్నకి వన్ టౌన్‌లో బట్టల కొట్టు ఉంది. చేరిన మొదటి వారంలోనే స్టాఫ్‌రూంలో నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సార్, మీది చల్లపల్లి దగ్గరంట కదండీ! మా తాతయ్య చీరల మూట కట్టుకుని ఆ ఊళ్ళన్నీ తిరిగేవాడండీ. మునసబు గారింటికెళ్తే మాత్రం మూట మొత్తం విప్పించేవారంట. కొనేది ఒక్క చీరంట!"

స్టాఫ్‌రూం అంతా నవ్వింది. ఆవిడ కూడా ఏ కల్మషమూ లేకుండా నవ్వింది.

"మా ఇంట్లో బట్టల సంగతి ఆడవాళ్ళు చూసుకునేవారండీ," అన్నాను.

"మంచి పనేనండీ. మా తాతయ్య మగవాళ్ళ దగ్గరైతే భయంతో ఇంకా తక్కువకి ఇచ్చేసేవాడు," అంది ఆవిడ. మళ్ళీ నవ్వారు.

వాళ్ళ తాత మా అరుగు మీద కూర్చుని మూట విప్పి ఉంటాడు. ఆ మనవరాలు నాతో సమానంగా కుర్చీలో కూర్చుంది. దాని మీద నాకు అభ్యంతరం లేదు, కాలం మారింది. నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే.

ఆవిడకి ఇచ్చింది ఎకనామిక్స్ పేపరు. నా క్లాసుకీ ఆవిడ క్లాసుకీ మధ్య ఒక్క గోడే. ఆ గోడ అవతల నుంచి నవ్వులు వచ్చేవి. తర్వాత అరుపులు. "మేడం, మాది! మా ఊరు తాకండి మేడం!" నా క్లాసులో ఆ సమయానికి ఫ్యాను శబ్దం వినిపిస్తూ ఉండేది. నేను "షేరు అనగా కంపెనీ మూలధనాన్ని సమాన భాగాలుగా విభజించగా వచ్చిన ఒక్కొక్క భాగము" అని చెప్పి రాయిస్తుంటే, రాస్తున్న పిల్లల తలలన్నీ గోడ వైపు తిరిగేవి. ఒకరోజు చాక్‌పీసుల కోసమని బయటికి వెళ్ళి ఆవిడ గుమ్మం ముందు ఆగాను.

గోడంత తెర మీద మన కృష్ణా డెల్టా. ప్రకాశం బ్యారేజీ నుంచి సముద్రం దాకా కాలువలన్నీ చేతి నరాల్లాగా ఉన్నాయి. వాటి మధ్య రంగు చుక్కలు. ఆవిడ వేలితో తాకితే ఊరు దగ్గరికి వస్తుంది, చుక్కని తాకితే దాని కథ తెరుచుకుంటుంది. పచ్చ చుక్క అంటే షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీది: ఎరువుల గోదామో, కోల్డ్ స్టోరేజీయో, సిమెంటు డిపోయో. దాన్ని తాకితే ఆ కంపెనీ షేరు ధర గీతలా పక్కనే కదులుతుంది. బూడిద రంగు చుక్క అంటే ఒక కుటుంబానిది, మార్కెట్‌తో పని లేనిది. అడుగున సంవత్సరాల పట్టీ ఒకటి. దాన్ని వెనక్కి జరిపితే పచ్చ చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయి, చేపల చెరువులు మళ్ళీ వరిచేలవుతాయి, గన్నవరం దగ్గర ఎయిర్‌పోర్టు చుట్టూ ఉన్న షెడ్లన్నీ తోటలవుతాయి.

"ఆ ఏడు కాలువలకి నీళ్ళు ఆలస్యంగా వదిలారు. ఈ ఎరువుల కంపెనీ గీత చూడండి. ఎందుకు పడింది?" అని అడిగింది ఆవిడ.

"నాట్లు పడలేదు మేడం!" అని ఎవడో వెనక బెంచీ నుంచి అరిచాడు. నా క్లాసులో నోరు విప్పి ఎరగనివాడు.

"నాట్లు పడకపోతే?"

"మా నాన్న యూరియా కొనలేదు!"

"మీ నాన్నొక్కడే కొనకపోతే కంపెనీ పడిపోద్దారా?" అని పక్కవాడు.

"మీ నాన్న కొన్నాడేంటి మరి?"

క్లాసంతా గోల. ఆ గోలలోనే గిరాకీకి, ధరకి సంబంధం ఏమిటో అందరికీ అర్థమైపోయింది. దాన్ని చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు, ఒక గ్రాఫు పట్టేవి. ఎవరూ లేచి నిలబడలేదు, ఎవరూ సరిగ్గా కూర్చోలేదు. ఇద్దరు బెంచీల మీద మోచేతులేసి దాదాపు పడుకుని ఉన్నారు. అయినా వాళ్ళందరి కళ్ళూ ఆవిడ వేలి మీదే ఉన్నాయి. నేను చాక్‌పీసులు తెచ్చుకోవడం మరచిపోయి వెనక్కి వచ్చాను.

అసూయ అనే మాట మా ఇంట్లో ఎదుటివాళ్ళకే వాడేవాళ్ళం. వాళ్ళకి మన మీద అసూయ, వీళ్ళకి మన మీద అసూయ. మాకు ఎవరి మీదా పడాల్సిన అవసరం రాలేదు. అందుకే నాకు వచ్చినప్పుడు అది ఏమిటో గుర్తుపట్టడానికి చాలా రోజులు పట్టింది. మొదట గ్యాస్ట్రిక్ అనుకున్నాను.

ఆవిడ పిల్లలకి ఇచ్చే పని కూడా విచిత్రంగా ఉండేది. ఆదివారం సొంత ఊరికి వెళ్ళినవాళ్ళు రోడ్డు మీద కనిపించే మిల్లులు, గోదాములు, షెడ్లు ఎవరివో కనుక్కుని ఫోనులోనే పటం మీద చుక్క పెట్టాలి. నేను రాయించిన నోట్సు చదవని పిల్లలు ఎండలో ఊళ్ళంతా తిరిగి చుక్కలు పెట్టుకొచ్చేవాళ్ళు. ఆ పటం ఎవరి ఫోనులోనైనా తెరుచుకునేది. నా ఫోనులో కూడా తెరుచుకుంది.

మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో ఎవరూ లేనప్పుడు మా ఊరు వెతికాను. కాలువ వంతెన పక్కన బూడిద రంగు చుక్క ఉంది. తాకాను. "మునసబు గారి మిల్లు. కుటుంబ ఆస్తి. తరాలుగా చేతులు మారలేదు."

ఈ చుక్క పెట్టింది మా పక్క ఊరి అమ్మాయి అని తర్వాత తెలిసింది. ఆ పిల్ల చేసిన తప్పు మా వైపు మనుషులు మాత్రమే చెయ్యగల తప్పు. అవనిగడ్డ బస్సులో ఎక్కితే కండక్టరు ఇప్పటికీ "మునసబు గారి మిల్లు, మునసబు గారి మిల్లు, దిగేవాళ్ళు రావాలి!" అని అరుస్తాడు. బస్సు స్టేజీ పేరే అది. ఆ పిల్ల వాళ్ళ నాయనమ్మని అడిగితే ఆ ముసలామె కూడా "మునసబు గారిదే, ఇంకెవరిదే!" అని ఉంటుంది. మా వైపు ఒకసారి ఒకరి పేరు పడిన చేనుకైనా రేవుకైనా, ఎన్ని చేతులు మారినా ఆ పేరు పోదు. గేటు మీద కంపెనీ బోర్డు ఎంత పెద్దదైనా తలెత్తి దాన్ని చదివేవాళ్ళుండరు.

నిజం ఏమిటంటే ఆ మిల్లు మాది కాదు. మేమూ ఆ సంగతి బయటికి చెప్పుకునేవాళ్ళం కాదు. ఎవరైనా అడిగితే అమ్మ "ఇప్పుడు వాళ్ళు చూసుకుంటున్నారు" అనేది, మేమే ఎవరికో అప్పగించి వచ్చినట్టుగా. నేనూ అదే చెప్పేవాణ్ణి.

కాబట్టి చుక్క తప్పని ఆవిడకి చెప్పలేదు. మొదటి రోజుల్లో చెప్పకపోవడానికి కారణం, ఆ చుక్క చూస్తుంటే బాగుండటమే. రోజూ ఒకసారి తెరిచి చూసుకునేవాణ్ణి. తర్వాత ఇంకో కారణం వచ్చింది.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించారు. ఆయన మంచివాడే. మంచితనంతోనే మనిషిని కోసేస్తాడు.

"మాస్టారూ, వచ్చే సెమిస్టరు షేర్ మార్కెట్ పేపరు గురించండీ. పిల్లలు మేడం గారిని అడుగుతున్నారు. మీరు సీనియర్లు. నేనెలా కాదంటాను, ఎలా అవునంటాను చెప్పండి."

"మీరేం చెప్పదలుచుకున్నారో చెప్పండి," అన్నాను.

"ఇద్దరూ ఒక్కో క్లాసు తీసుకోండి. సెమినార్ హాల్లో, పిల్లలందరి ముందూ. నేనూ వెనక కూర్చుంటాను. ఆ తర్వాత నిర్ణయం తీసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు."

ఈ వయసులో నన్ను పరీక్షకు కూర్చోబెడుతున్నారు. పేపరు పోతే నాకు మిగిలేది మొదటి సంవత్సరం పిల్లలకు జమాఖర్చులు చెప్పడం. జీతం తగ్గదు. తగ్గేది వేరే. సరేనన్నాను. స్టాఫ్‌రూంకి వచ్చి ఫోనులో ఆ బూడిద చుక్కని చూసుకున్నాను. ఈసారి అది నాకు ఆవిడ పటంలో చిల్లులాగా కనిపించింది. అందరి ముందూ ఆ చిల్లులో వేలు పెట్టి, ఈ పటం నమ్మదగింది కాదని చూపిస్తే చాలు.

దానికి నేను ఏ మాట పలకాల్సి వస్తుందో ఆలోచించకపోలేదు. ఆలోచించి పక్కన పెట్టాను.

ఆ రోజు నేనే ముందు చెప్పాను. తెర వద్దన్నాను, బోర్డు తెప్పించుకున్నాను. పిల్లలు లేచి నిలబడ్డారు, కూర్చున్నారు. నేను చెప్పిన క్లాసులో ఒక్క తప్పు లేదు. ప్రిన్సిపాల్ గారు మధ్యలో రెండుసార్లు ఆవలింత ఆపుకోవడం చూశాను. అయిపోయాక చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎలాంటివో ఇన్నేళ్ళు పాఠం చెప్పినవాడికి తెలుస్తుంది.

తర్వాత ఆవిడ. లైట్లు తగ్గించగానే హాలంతా ముందుకు వంగింది. ఆవిడ డెల్టా మొత్తం తిప్పింది. బందరు వైపు రొయ్యల చెరువుల దగ్గర ఆగి, మేత ఎక్కణ్ణుంచి వస్తుంది, సరుకు ఎక్కడికి పోతుంది అని పిల్లల చేతనే గీతలు గీయించింది. తర్వాత చల్లపల్లి వైపు వచ్చింది. నా వెన్ను ఇంకాస్త నిటారు అయింది.

"ఇప్పుడు పట్టీ వెనక్కి జరుపుతున్నా. చూస్తూ ఉండండి. ఇవన్నీ మారిపోతున్నాయి కదా? ఈ చుట్టుపక్కల మొత్తంలో రంగు మారని చుక్క ఒక్కటే ఉంది. ఏంటది?"

"మునసబు గారి మిల్లు!" అని ఆ పక్క ఊరి అమ్మాయి అందరికంటే ముందు అరిచింది.

"ఎవరిదమ్మా?"

"సార్‌ది!"

హాలంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. నా క్లాసుకి కొట్టిన చప్పట్లు కావివి.

"మార్కెట్‌కి రాని ఆస్తి అంటే ఇది," అంది ఆవిడ, నా వైపు గౌరవంగా చేయి చాపి. "మన చేతిలో ఎంత డబ్బున్నా ఇందులో వాటా కొనలేం. ఆ కుటుంబం ఇవ్వదు. మిగతా చుక్కలన్నీ అర్థం కావాలంటే ముందు ఈ ఒక్క చుక్క అర్థం కావాలి."

ఆవిడ నన్ను గెలిపించాలనుకుందో, గౌరవించాలనుకుందో తెలియదు. ఏ రకంగా చూసినా నాకున్నది ఆవిడ ఇచ్చిన గౌరవమే. మా తాత మిల్లుని కూడా ఆవిడే ఎత్తి చూపిస్తోంది, నా కంటే అందంగా. కూర్చుని ఆ చప్పట్లు తీసుకుని ఉంటే సరిపోయేది. నా వల్ల కాలేదు. లేచి నిలబడ్డాను.

"మేడం, మీ చుక్క తప్పు."

ఆవిడ తెర మీద నుంచి వేలు తీసి నా వైపు తిరిగింది.

"తప్పాండీ?"

"తప్పెలా అవుద్ది సార్, బస్సు కండక్టరు కూడా అదే అంటాడు కదా!" అంది ఆ అమ్మాయి కంగారుగా.

"బస్సు కండక్టరు రిజిస్ట్రారు కాదమ్మా," అన్నాను. కొందరు నవ్వారు. ఆ నవ్వు నాకు బలమిచ్చింది. "ఎవరో ఏదో అన్నారని చుక్క పెట్టుకుంటూ పోతే దాన్ని చదువంటారా? ఆ మిల్లు మాది కాదు. ఎప్పుడో అమ్మేశాం."

ఆ మాట నా నోటి నుంచి రావడం నేను అదే మొదటిసారి విన్నాను. ప్రిన్సిపాల్ గారు "అయ్యో, మాస్టారూ..." అని సగంలో ఆపేశారు. నేను ఆవిడ మొహం వైపు చూశాను. తడబడుతుందని, తెర ఆర్పేస్తుందని చూశాను.

"ఎవరికండీ?" అంది ఆవిడ.

"రొయ్యల మేత కంపెనీకి."

"ఏ కంపెనీయండీ?"

చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. నిజంగానే వెలిగిపోయింది.

"అది షేర్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ కదండీ! ఎప్పుడు సార్?"

"నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా."

ఆవిడ పిల్లల వైపు తిరిగింది. "చూశారా, పుస్తకంలో అయితే తప్పు పడితే మళ్ళీ అచ్చు వేసేదాకా అలాగే ఉంటుంది. పటం మీద ఇప్పుడే సరిచేస్తాం. తప్పు పట్టుకునే మనిషి ఒకరు ఉండాలంతే." అంటూనే తాకింది. పట్టీని నా డిగ్రీ రోజుల దగ్గర నిలిపింది. అందరం చూస్తుండగా బూడిద చుక్క పచ్చగా మారింది. పక్కనే కంపెనీ షేరు గీత వచ్చి కదలడం మొదలుపెట్టింది.

అప్పుడు ఆ పక్క ఊరి అమ్మాయి లేచింది. తప్పు తనదని భయపడుతూనే, ఆపుకోలేక అడిగింది.

"సార్, మా మావయ్య నాకు షేర్లు కొనుక్కునే డీమ్యాట్ ఖాతా తెరిపించాడు. ఆ కంపెనీ షేర్లు నా దగ్గర కొన్ని ఉన్నాయి. అంటే మీ మిల్లులో నాకూ వాటా ఉన్నట్టేనా?"

"ఏయ్, నోర్ముయ్యే, కూర్చో," అని పక్క పిల్ల చెయ్యి పట్టి లాగింది.

హాలంతా నా జవాబు కోసం చూసింది. షేరు అంటే ఏమిటో ఇరవై ఏళ్ళకు పైగా రాయించినవాణ్ణి. ఆ ప్రశ్నలో ఉన్నంత బాగా ఒక్కసారీ చెప్పలేదు. ఆ ప్రశ్న నా క్లాసులో పుట్టలేదు, ఆవిడ క్లాసులో పుట్టింది, మా మిల్లులోంచి పుట్టింది.

"ఉంది," అన్నాను. "కొద్దిగానే అయినా, ఉంది. నాకు లేదు."

ఎవరూ నవ్వలేదు. పేపరు పోయిందని నాకు ఆ క్షణంలోనే తెలుసు. ప్రిన్సిపాల్ గారు మర్నాడు చెప్పారు గానీ, అది చెప్పడానికి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించారు గానీ, తెలియాల్సింది అక్కడే తెలిసింది. ఆవిడ మీద నా కుళ్ళు ఆ రోజుతో పోలేదు. ఇప్పటికీ గోడ అవతల నుంచి నవ్వులు వినిపిస్తే నా చేతిలో చాక్‌పీసు విరుగుతుంది. నాకు లేనిదంతా ఆవిడకి ఉంది. ఆవిడ తాత విప్పిన మూటలో నుంచే వచ్చిందేమో ఆ ఓపిక, అందరి ముందూ విప్పడం, మళ్ళీ కట్టుకోవడం. మా నాన్న వడ్ల కోసం ఏ రైతు కళ్ళానికీ వెళ్ళి అడగలేదు. కొత్త మిల్లుల వాళ్ళు వెళ్ళి అడిగారు. బండ్లు వాళ్ళ గేటుకి పోయాయి.

ఆ రోజు హాల్లో ఆవిడ ఇంకొక్కటి అడిగింది.

"సార్, చుక్క కింద వివరం కూడా మార్చాలండీ. మిల్లు ఒక్కటేనా, ఇంకేమైనా కలిపి ఇచ్చారా? మీరు చెప్తే నేను టైపు చేస్తాను. పర్లేదంటేనే."

ఆవిడ వేళ్ళు మీటల మీద ఆగి ఉన్నాయి. నేను చేతులు వెనక్కి కట్టుకుని, క్లాసులో రాయించేటప్పుడు నిలబడినట్టే నిలబడ్డాను. ఆ గొంతుకి అలవాటు పడిన పిల్లలు, ఎవరూ చెప్పకుండానే నోట్సులు తెరిచారు.

మిల్లూ, దాని వెనక రెండు గోదాములూ, వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళమూ, కాలువ మీద పడవలు ఆగే రేవూ అన్నీ ఒకే రిజిస్ట్రేషన్‌లో అమ్మేశాం. తాత కూర్చునే టేకు కుర్చీ కొన్నవాళ్ళు వద్దన్నారు. దాన్ని విజయవాడ తెచ్చి విడిగా అమ్మేశాం.